హస్త మూడో పాదం పాపకు ఏ పేరు పెట్టాలి, ఇంటిపేరు ఎక్కడ రాయాలి

అమ్మా, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. విజయవాడ పటమటలో ఉంటారు, పాపకు మూడో నెల నడుస్తోంది. ఆసుపత్రివాళ్లు పంపిన వివరాలతో నగరపాలక సంస్థలో పుట్టుక నమోదైంది గానీ పేరు గడి ఖాళీగా ఉంది. పంతులుగారు హస్త మూడో పాదం, ‘ణ’ అక్షరంతో పెట్టమన్నారు. మామగారేమో కాలం చేసిన మీ అత్తగారి పేరు, కోటేశ్వరమ్మ అని పెట్టాలంటున్నారు. మీ మనసులో ఆద్య అని ఉంది. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్న మీవారు ఇంటిపేరు ఎందుకు, పాప పేరు పక్కన నా పేరు ఉంటే చాలంటున్నారు. చివర్లో మీ ఇంటిపేరు సంగతి కూడా అడిగారు.

నేను గుంటూరు జిల్లా హైస్కూళ్లలో పనిచేసి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. అడ్మిషన్ రిజిస్టరులో పేరు ఎక్కించడం దగ్గర నుంచి పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితాలు, అదే నామినల్ రోల్స్, పంపడం దాకా పిల్లల పేర్లతోనే నా ఉద్యోగం గడిచింది. ఇప్పటికీ గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి పాత విద్యార్థులు సర్టిఫికెట్లు పట్టుకుని వస్తూనే ఉంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీ ఇంట్లో ఎవరూ కాని మాట అనడం లేదు. పంతులుగారి అక్షరం, మామగారి కోరిక, మీ ముచ్చట, మీవారి అవసరం, ఈ నాలుగింటినీ సర్టిఫికెట్లోని ఒక్క గడిలో ఇమడ్చాలని చూడటంతోనే చిక్కు వచ్చింది. మన పెద్దలు బిడ్డకు ఒకే పేరు పెట్టి ఊరుకున్నది ఎప్పుడూ లేదు. దేవుడి ముందు చెప్పే పేరు ఒకటి, పెద్దల జ్ఞాపకానికి ఒకటి, ఇంట్లో పిలుచుకోవడానికి ఒకటి, లోకానికి ఒకటి. కాగితం మీదికి ఎక్కేది ఆ చివరిదే. అది ఎక్కేటప్పుడు మాత్రం పొడి అక్షరాలు (ఇనీషియల్స్) లేకుండా, ఇంటిపేరుతో సహా పూర్తిగా ఎక్కాలి. నేను చెప్పేదంతా ఈ రెండు మాటల చుట్టూనే ఉంటుంది.

ముందు ‘ణ’ సంగతి తేల్చుకుందాం. పంచాంగంలో 27 నక్షత్రాలకూ నాలుగేసి పాదాల చొప్పున 108 అక్షరాలు ఇస్తారు. హస్తకు పూ, ష, ణ, ఠ. అంటే మీ పాపకు ‘ణ’ అని చెప్పడంలో పంతులుగారి తప్పేమీ లేదు, ఆయన పంచాంగం చూసే చెప్పారు. కానీ అదే పంచాంగంలో ఆర్ద్ర నక్షత్రం తెరిచి చూడండి, అక్కడ ‘ఙ’ ఉంటుంది. ఉత్తరాభాద్రలో ‘ఝ’, ‘థ’ ఉంటాయి. ‘ఙ’తో మొదలయ్యే పేరున్న మనిషిని మీరు చూశారా? నేను పట్టిన ఇన్ని రిజిస్టర్లలో ‘ణ’తో మొదలయ్యే పేరు ఒక్కటీ లేదు, హస్త మూడో పాదంలో పుట్టినవాళ్లు మాత్రం బోలెడుమంది ఉండి ఉంటారు. ఆ అక్షరం జాతకం రాసుకోవడానికి, జన్మనామానికి. లోకంలో వాడుకునే వ్యావహారిక నామం వేరే ఉండొచ్చని నామకరణ విధిలోనే ఉంది. మాసనామం, నక్షత్రనామం, దేవతానామం, వ్యావహారిక నామం అని విడివిడిగా పెడతారు. ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే పాత గ్రంథం ఆశ్వలాయన గృహ్యసూత్రమైతే ఉపనయనం దాకా తల్లిదండ్రులకు తప్ప ఇంకెవరికీ తెలియని పేరు ఒకటి పెట్టమని చెబుతుంది. అలాంటి పేరును ఆధార్ కార్డు మీద అచ్చు వేయించాలని ఏ శాస్త్రమూ అడగదు.

అదే సూత్రం మగపిల్లలకు సరి అక్షరాలు, ఆడపిల్లలకు బేసి అక్షరాలు మేలంటుంది. ఇది ఎవరైనా మీ చెవిన వేస్తే ‘ఆద్య’ రెండక్షరాలు కదా అని బెంగ పడతారేమోనని ముందే చెబుతున్నాను. లక్ష్మి, దుర్గ, సీత, రాధ అన్నీ రెండక్షరాలే. తరతరాలుగా మన ఆడపిల్లలకు అవే పెట్టుకుంటున్నాం.

‘ణ’ అక్షరం కోసం ఇంటర్నెట్‌లో జాబితాలు వెతుకుతున్నానన్నారు. వాటి జోలికి పోకండి. అక్షరం కోసం లేని మాటను పుట్టించి, పక్కన ‘దివ్యమైన కాంతి’ అనో ‘అమ్మవారి మరో పేరు’ అనో అర్థం తగిలిస్తున్నారు. బడిలో పిల్లలను పేరుకు అర్థం చెప్పమని అడిగే అలవాటు నాకుండేది. చివరి రోజుల్లో సగం మంది పిల్లలు తల దించుకునేవాళ్లు, అర్థం లేని పేరు పెట్టింది పెద్దవాళ్లయితే. మీకు ఏ పేరు నచ్చినా ముందు ఒక మంచి నిఘంటువులో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. ఆద్యకు ఆ ఇబ్బంది లేదు. మొదటిది, ఆదిశక్తి అన్న అర్థాలు సలక్షణంగా ఉన్నాయి.

బారసాల అయ్యిందో లేదో మీరు రాయలేదు. ఇరవై ఒకటో రోజున కుదరకపోతే మూడో నెలలోనో, అన్నప్రాశన నాటికో చేసుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అవ్వకపోయి ఉంటే మీ తగువుకు మందు అక్కడే ఉంది. పళ్లెంలో బియ్యం పరిచి, తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు. ఒక పేరు రాసి, బియ్యం చేత్తో సర్ది, మళ్లీ ఇంకో పేరు రాస్తాడు. మొదట జన్మనామం రాయించండి, పంతులుగారు తన పద్ధతిలో చెప్పుకుంటారు. రెండోసారి మీ అత్తగారి పేరు రాయించండి. మూడోసారి మీరు అనుకున్న పేరు. తర్వాత పాప కుడిచెవిలో మూడు పేర్లూ మూడేసిసార్లు చెప్పాలి. కోటేశ్వరమ్మ అన్న పేరు మాత్రం మీ మామగారి చేత చెప్పించండి. భార్య పేరు మనవరాలి చెవిలో తానే చెప్పుకున్న మనిషి, సర్టిఫికెట్లో అది మొదటి మాటగా ఉందా, రెండో మాటగా ఉందా అని పట్టుబట్టడు. ఇలా నేను దగ్గరుండి చేయించిన ఇళ్లున్నాయి.

కోటేశ్వరమ్మ పేరు పాతదని, బడిలో ఏడిపిస్తారని రాశారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పేరు మీ అత్తగారికి ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. మీ అత్తవారిది నరసరావుపేట వైపు అన్నారు. అక్కడ కోటప్పకొండ త్రికోటేశ్వరుడికి మొక్కుకోని ఇల్లు ఉండదు. శివరాత్రి తిరునాళ్లకు ప్రభలు కట్టుకుని ‘చేదుకో కోటయ్యా, చేదుకోవయ్యా’ అంటూ కొండకు పోయే ఊళ్లలో కోటయ్య, కోటేశ్వరరావు, కోటిరెడ్డి, కోటిలింగం, కోటేశ్వరి లేని వీధి ఉండదు. కొండ కింద యల్లమంద ఊరి పేరు కూడా యలమంద, యలమందరావు అని మనుషుల పేర్లయింది. మన పాత కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మనిషి పేరు విని ఏ గుడికి మొక్కుకున్న ఇంట్లో పుట్టాడో చాలావరకు చెప్పెయ్యొచ్చు. పానకాలు, పానకాలరావు అంటే మంగళగిరి కొండమీద పోసిన పానకంలో సగం తాగి సగం ప్రసాదంగా వదిలే నరసింహస్వామి. అమరలింగేశ్వరరావు, చాముండేశ్వరి అంటే అమరావతి. భావనారాయణ అంటే పొన్నూరో బాపట్లో. చెన్నకేశవులు అంటే మాచర్ల. తిరుపతమ్మ, గోపయ్య అంటే పెనుగంచిప్రోలు. మీ విజయవాడలో చెప్పనక్కర్లేదు, ఇంద్రకీలాద్రి మీది అమ్మవారు కనకదుర్గ, దుర్గారావు, దుర్గాప్రసాద్‌లను ఇస్తే, ఆ పక్కనే ఉన్న మల్లేశ్వరస్వామి మల్లేశ్వరరావులను, మల్లేశ్వరిలను ఇచ్చాడు. పిల్లలు పుట్టడంలేదని మోపిదేవి వెళ్లి వచ్చిన ఇళ్లలో సుబ్బారావు, సుబ్రహ్మణ్యం, సుబ్బలక్ష్మి.

గుంటూరులో ఇంకో అందమైన విషయం ఉంది. ఇక్కడి కాలే మస్తాన్‌షా అవులియా దర్గాకు మొక్కుకుని బిడ్డను కన్న హిందువులు ఆ పేరు పెట్టుకుంటారు. మస్తాన్‌రావు, మస్తానయ్య, మస్తానమ్మ అన్న పేర్లు అలా వచ్చినవే. సైదులు, సైదమ్మ, పీరయ్య కూడా అలాంటివే. నుదుట బొట్టు, పేరు మస్తానమ్మ. బయటి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన టీచర్లు మొదటి రోజు హాజరు పిలుస్తూ ఆశ్చర్యపోయేవాళ్లు, మా ఊరివాళ్లకు మాత్రం అందులో వింతేమీ ఉండేది కాదు. అసలు ‘హిందువుల పేర్లు’ అని జాబితా వేసేవాళ్లెవరైనా ఈ పేర్లను వదిలేస్తే ఆ జాబితా మన ప్రాంతానికి పనికిరాదని నేను అంటాను.

పిచ్చయ్య, పిచ్చమ్మ, పెంటయ్య, పుల్లయ్య లాంటి పేర్ల వెనక తల్లుల దుఃఖం ఉంది. వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో, పుట్టినవాణ్ని పెంటకుప్పమీద దొర్లించో, ఎంగిలి విస్తరాకుల్లో పడుకోబెట్టో, దిష్టి తగలకుండా పనికిరాని పేరు పెట్టేవాళ్లు. చావు కూడా వద్దనుకుని వెళ్లిపోతుందని ఆశ. ఆ పేర్లను ఎవరైనా ఎగతాళి చేస్తే మా క్లాసులో ఊరుకునేదాన్ని కాదు.

కాలాన్నిబట్టి కూడా పేర్లు మారాయి. మన కృష్ణా, గుంటూరు ఊళ్లలో గాంధీ, నెహ్రూ, సుభాష్‌చంద్రబోస్, లెనిన్, స్టాలిన్ అన్నీ ఇంటిపేరు వెనక చేరిపోయి మన పేర్లయిపోయాయి. మీ పటమటలోనే నాస్తిక కేంద్రం ఉంది కదా. దాన్ని పెట్టిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావుగారు, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకుకు లవణం అని, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుకుకు సమరం అని పేర్లు పెట్టారు. నక్షత్రం చూడలేదు, తాత పేరు చూడలేదు. ఆ పేర్లతోనే వాళ్లిద్దరినీ రాష్ట్రమంతా గుర్తుపట్టింది. అంచేత పేరు పాతదైతే పిల్ల నలుగురిలో చిన్నబోతుందనీ, కొత్తదైతే వెలిగిపోతుందనీ ఏమీ లేదు.

తాత, నానమ్మల పేర్లు మనవలకు పెట్టడం కేవలం ముచ్చట కోసం వచ్చింది కాదు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు వినే ఉంటారు, ఫలానావారి నప్త్రే, ఫలానావారి పౌత్రాయ, ఫలానావారి పుత్రాయ అని ముత్తాత, తాత, తండ్రి మూడు తరాల పేర్లు పందిట్లో అందరికీ వినపడేలా చెబుతారు. ఆడపిల్లకూ అలాగే చెబుతారు. తర్పణాలు వదిలేదీ మూడు తరాలకే. ఆ మూడు తరాలు దాటాక పేరు ఎవరి నోటా వినపడదు. మనవడికో మనవరాలికో పెడితే ఇంకో రెండు తరాలు ఆ ఇంట్లో తిరుగుతుంది. మీ మామగారు అడుగుతున్నది అదే.

ఇక కోడళ్లకు వచ్చే ఇబ్బంది వేరే. అత్తగారి పేరు పెట్టుకున్నాక ‘ఒసేయ్ కోటేశ్వరీ, ఎక్కడ చచ్చావే’ అని పిల్లను ఎలా కేకలేస్తాం? వెనకటి కోడళ్లు మామగారి పేరు, భర్త పేరు నోటితో పలికేవాళ్లు కాదు. కొడుక్కి మామగారి పేరు పెట్టాక వాణ్ని పిలవడానికి ఇంకో పేరు కావాల్సొచ్చింది. బుజ్జి, చిట్టి, నాని, చంటి, బాబ్జీ, పండు అన్నీ అలా ఇంటింటా స్థిరపడ్డవే. మా అడ్మిషన్ రిజిస్టరులో వెంకటసుబ్బయ్య అని ఉన్నవాణ్ని ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కాదు, ‘బుజ్జీ’ అంటే చటుక్కున లేచేవాడు. కాబట్టి మీరు పాపను ఆద్య అనే పిలుచుకోండి, ఎవరూ కాదనరు.

నా సలహా అడిగితే, సర్టిఫికెట్లో ‘ఆద్య కోటేశ్వరి’ అని రాయించమంటాను. మామగారు బారసాలలో చెప్పించినదానికే తృప్తి పడితే ‘ఆద్య’ ఒక్కటే రాయించినా తప్పు లేదు. కానీ నాకు మొదటిదే ఇష్టం. రెండు మాటల పేరు మన ఆడపిల్లలకు కొత్త కాదు, పలకడానికీ బాగుంది, రేపు పాప పెద్దదై నానమ్మ పేరు నాకెందుకు పెట్టలేదని అడిగే అవసరం రాదు.

ఇప్పుడు ఇంటిపేరు. ఇక్కడ మాత్రం మీవారి మాటతో నేను ఏకీభవించను.

మన ఇంటిపేరు ముందుంటుంది. టంగుటూరి ప్రకాశం, పింగళి వెంకయ్య, ఉన్నవ లక్ష్మీనారాయణ, కొండా వెంకటప్పయ్య, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. టంగుటూరు నుంచి టంగుటూరి, వేమూరు నుంచి వేమూరి, దుగ్గిరాల, ఘంటసాల ఉన్నవున్నట్టే ఇంటిపేర్లు. కొన్ని మూలపురుషుడి పేరు, కొన్ని చేసిన వృత్తి. ఒక ఊరి నుంచి కదిలినవాళ్లందరికీ ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది గనక, ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో ఉంటుంది, ఒకే కులంలో వేరువేరు గోత్రాలతోనూ ఉంటుంది. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఇంటిపేరు ఒకటే అయితే అన్నదమ్ముల వరస అవుతుందని కొందరు వెనక్కి తగ్గుతారు, ఇంకొందరు గోత్రం చూసి నిర్ణయిస్తారు. గుడిలో అర్చనకు ఇంటిపేరు అక్కర్లేదు, గోత్రం, నక్షత్రం, పేరు చాలు. పెళ్లి శుభలేఖకు ఇంటిపేరు లేకపోతే ఎవరి పెళ్లో ఊరికి తెలియదు.

తండ్రి పేరును పేరు పక్కన పెట్టుకోవడం తమిళుల పద్ధతి. వాళ్లకు చాలామందికి ఇంటిపేరు లేదు, తండ్రి పేరులో మొదటి అక్షరమే పొడి అక్షరం. సి.వి.రామన్‌కు 1930లో నోబెల్ వచ్చింది, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు 1983లో వచ్చింది. రామన్ అన్నగారి కొడుకే చంద్రశేఖర్. పేర్లు చూసి ఆ చుట్టరికం ఎవరూ చెప్పలేరు. వాళ్ల పద్ధతి వాళ్లకు సరిపోయింది, కుటుంబాన్ని వాళ్లు వేరే విధంగా గుర్తుపెట్టుకుంటారు. మనకు ఇంటిపేరు ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి కుటుంబం తమిళనాడులో స్థిరపడి, పేరు చివర ‘న్’ చేరినా ఇంటిపేరు వదల్లేదు. ఆయన కొడుకు, చరిత్రకారుడు, సర్వేపల్లి గోపాల్. ఉన్నదాన్ని మనం ఎందుకు తెంచుకోవాలి?

అమెరికాలో ఉన్న మా పాత విద్యార్థి ఒకడు వెళ్లేటప్పుడు తొందరలో తన పేరే సర్‌నేమ్ గడిలో రాసేశాడు. అక్కడ పిల్లలకు అదే సర్‌నేమ్ అయింది. ఇక్కడ తాతగారి ఇంటిపేరు ఒకటి, అక్కడ మనవడి సర్‌నేమ్ తండ్రి సొంత పేరు. వాళ్ల పిల్లల తరానికి మన ఊళ్లోని తమ ఇల్లు ఏదో కాగితం చూసి తెలుసుకునే దారే లేదు. దీన్ని సరిచేసుకోవాలంటే ఇప్పుడతను రెండు దేశాల్లో కాగితాలు మార్చుకోవాలి.

మీవారు దుబాయ్‌లో ఉన్నారు కాబట్టి ఇంకో సంగతి. 2022 నవంబరులో, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి రెండో గడి ఖాళీగా ఉన్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ ప్రకటించింది. తర్వాత వెనకపేజీలో తండ్రి పేరు ఉంటే ఒప్పుకుంటామని సడలించారు. అమెరికా వీసాలో అయితే ఒకే పేరున్నవాళ్ల అసలు పేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్లి, మొదటి పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. పుట్టిన బిడ్డకు ఆ గతి ఎందుకు? పాస్‌పోర్టు దరఖాస్తులో గివెన్ నేమ్, సర్‌నేమ్ అని రెండు గడులు ఉంటాయి. సర్‌నేమ్‌లో ఇంటిపేరు పూర్తిగా, గివెన్ నేమ్‌లో ఆద్య కోటేశ్వరి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చర్చ పాస్‌పోర్టులో రానే రాదు. ఒకే వరసలో రాయాల్సిన బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బడి రిజిస్టరులో మన పద్ధతిలోనే ఇంటిపేరు ముందు రాయండి.

రావు, రెడ్డి, చౌదరి, నాయుడు, శర్మ, గుప్త ఇవేవీ ఇంటిపేర్లు కావు. చాలామంది వీటిని సర్‌నేమ్ గడిలో రాసి, అసలు ఇంటిపేరును ఒక పొడి అక్షరం చేసి పారేస్తున్నారు. పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి తన పేరులో కులం తీసేసి సుందరయ్య అయ్యారు. ఇంటిపేరు మాత్రం పుచ్చలపల్లిగానే ఉంది. మీ పాపకు ఆ తోక అక్కర్లేదన్నది నా అభిప్రాయం.

పేరు మరీ పొడుగు చేయకండి. తాత పేరు, మొక్కు పేరు, సినిమా పేరు అన్నీ గుచ్చి ‘వెంకట నాగ సత్య సూర్య లక్ష్మీ’ అని మొదలుపెట్టే పేర్లు మన జిల్లాల్లో ఎక్కువ. పాస్‌పోర్టు కింద యంత్రం చదివే వరసలో ఇంటిపేరూ పేరూ కలిపి 39 స్థానాలే ఉంటాయి, మాటల మధ్య ఖాళీ కూడా అందులోదే. మిగిలింది కత్తిరించేస్తారు. విమానం టికెట్టులో ఒకలా, వీసాలో ఒకలా పడి ప్రయాణాల్లో నానా అవస్థ పడతారు.

ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒక్కసారే నిర్ణయించుకోండి. లక్ష్మి అన్న చిన్న పేరునే ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కేఎస్‌హెచ్‌తో రాయించుకున్న పిల్లలు ఎందరో. మన ‘త’కు కొందరు టీ రాస్తారు, కొందరు టీహెచ్ రాస్తారు. దీనికి తోడు సంఖ్యాశాస్త్రం పేరుతో అదనంగా ఒక ఏ, ఒక హెచ్ చేర్చమనేవాళ్లు తయారయ్యారు. పిల్ల పదో తరగతిలో ఉండగా స్పెల్లింగ్ మార్చమని మా బడికి వచ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు నిజంగా కోపం వచ్చేది. ఎస్సెస్సీ మెమోలో ఒకసారి అచ్చయిన అక్షరం తర్వాత ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం అన్నింటినీ పట్టుకుని లాగుతుంది. ఆధార్‌లో కూడా పేరు మార్పుకు జీవితం మొత్తంలో రెండే అవకాశాలు ఇస్తారు. ఆ రెండూ ఎవరో చెప్పిన అదనపు అక్షరం కోసం వాడుకోవద్దు.

మీ విషయానికొస్తే, పెళ్లయిన ఆడది ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. శుభలేఖల్లో, పిలుపుల్లో అత్తింటి పేరుతో పిలవడం ఆచారం, అది అలాగే సాగనివ్వండి, బాగుంటుంది. నేను సర్వీసు రిజిస్టరులో చివరిదాకా పుట్టింటి పేరే ఉంచుకున్నాను. పేరంటాలకు అత్తింటి కోడలిగా వెళ్లాను, పెన్షన్ కాగితాలమీద పుట్టింటి పేరుతో సంతకం పెట్టాను. రెండిళ్లలో ఎవరూ నొచ్చుకోలేదు. మీ డిగ్రీలు, పాన్, బ్యాంకు ఖాతా అన్నీ పుట్టింటి పేరుతో ఉన్నాయన్నారు గనక వాటిని కదపొద్దు. పాప సర్టిఫికెట్లో తల్లి పేరు దగ్గర మీ ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు రాయించండి. తల్లికీ బిడ్డకూ ఇంటిపేరు వేరైతే ఇబ్బంది వస్తుందేమోనని అడిగారు. సర్టిఫికెట్లో తల్లి పేరు, తండ్రి పేరు రెండూ ఉంటాయి, అదే మీ ఇద్దరి చుట్టరికానికి సాక్ష్యం.

ఇంటిపేరు తండ్రి వైపు నుంచే రావాలా అని ఎవరైనా అడిగితే, అలవాటు అదే గానీ తల్లి మాటకు విలువ లేకపోలేదు. తండ్రి చనిపోయి, తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తెలుగు కుటుంబం కేసులో, బిడ్డకు ఏ ఇంటిపేరు ఉండాలో నిర్ణయించే హక్కు సహజ సంరక్షకురాలైన తల్లికి ఉందని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. దత్తత వెళ్లిన బిడ్డకు 1956 నాటి చట్టం ప్రకారం దత్తత తీసుకున్నవాళ్లే తల్లిదండ్రులు, ఇంటిపేరూ గోత్రమూ వాళ్లవే వస్తాయి. మీకు ఈ రెండూ వర్తించవు, మాట వచ్చింది గనక చెప్పాను.

ఇక చేయాల్సిన పని. జనన మరణాల నమోదు చట్టం 1969 ప్రకారం పేరు లేకుండా నమోదైన బిడ్డకు, నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించవచ్చు గానీ అంతదాకా ఆగకండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేర్చడానికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు, ఓటరు జాబితాకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ, స్థలం రుజువు చేసేది బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. మా రోజుల్లో ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు టీచరు రాసిందే పుట్టినతేదీ, టీచరు విన్నదే పేరు. ఇప్పుడా వెసులుబాటు లేదు, ఆ తప్పులకు అవకాశమూ లేదు.

పేరు ఖాయం చేసుకున్నాక ఒక తెల్ల కాగితం మీద ఇంటిపేరు పూర్తిగా, పాప పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఒక్కోటి తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఒకసారి రాసుకోండి. మీవారికి ఫొటో తీసి పంపి ఆయన చేత సరే అనిపించండి. ఏ దరఖాస్తు నింపినా ఆ కాగితం చూసే నింపండి. సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడు కౌంటరు దగ్గరే నిలబడి ఒక్కో అక్షరం సరిచూసుకోండి, ముఖ్యంగా ఇంటిపేరులో. తప్పుంటే అప్పుడే చెప్పి దిద్దించుకోండి. బారసాల ముహూర్తం ఇంకా పెట్టించకపోతే పంతులుగారిని ఈ వారంలోనే అడగండి, మీవారు సెలవు పెట్టి రావడానికి వీలుంటుంది, ఉంగరం పట్టాల్సింది ఆయనే కదా.